ఆకు రాలినా చెట్టు చెట్టే

మాచర్ల దాటి నల్లమలకెక్కితే, ఎండాకాలంలో తపసి, కొండగోగు రెండూ మోడులే. ఆకు చూసి చెట్టును గుర్తించమనే పాఠం అక్కడ పనికిరాదు. మన చెంచు పెద్దలు బెరడు చూస్తారు. కాగితంలా పొరలు లేచి తెల్లగా మెరిస్తే తపసి. బెరడు నెర్రెలిచ్చి, ఆకులేని కొమ్మకు పెద్ద పసుపు పూలు పూస్తే కొండగోగు. తపసి కాయ నూగు గుచ్చుకుంటుంది, కొండగోగు కాయలో దూది ఉంటుంది. ఇది శాస్త్రం కాదా? జిగురు కొనేటప్పుడు అక్కరకొచ్చిన మన తెలివి నరసరావుపేట తరగతి గదిలో ఎందుకు అక్కరకు రాదు?

2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ జ్ఞానాన్ని మన సామూహిక హక్కుగా గుర్తించింది. టీచర్లారా, ఫాల్గుణంలో పిల్లల్ని అడవికి తీసుకురండి, మన తాతల చేత పాఠం చెప్పించండి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, తాత ఉండగానే అడిగి రాసుకోండి. పేరు కూడా తెలియని చెట్టు కోసం రేపు ఎవరు కొట్లాడతారు?