టూసన్‌లో వదులుకున్న స్వస్తిక్

అమెరికాలో గృహప్రవేశం చేసుకునే తెలుగువాళ్లకు ఒక సందేహం వస్తుంటుంది. వీధి తలుపు మీద కుంకుమతో స్వస్తిక్ వేయాలా, లేక దేవుడి గదిలో వేసి ఊరుకోవాలా? ఇదే సందేహాన్ని మనకంటే ముందు, మనకంటే ఇరుకున పడి ఎదుర్కొన్నవాళ్లు అదే దేశంలో ఉన్నారు. వాళ్లు అరిజోనా ప్రాంతపు ఆదివాసులు.

నవాహోలకు ఈ గుర్తు సుడి తిరిగే దుంగ. వాళ్ల గాథలో ఒక మనిషి తొలిచిన దుంగలో కూర్చుని నది వెంట పోతాడు, ఆ ప్రయాణంలో దేవతల దగ్గర రోగాలు మాన్పే క్రతువు నేర్చుకుంటాడు. ఆ క్రతువులో నేల మీద రంగురంగుల ఇసుకతో బొమ్మ వేసి, రోగిని దాని మీద కూర్చోబెట్టి, పని కాగానే చెరిపేస్తారు. తర్వాత తర్వాత అది అమ్మకానికి నేసే కంబళ్ల మీదికీ వచ్చింది. తెల్లవాళ్లు ఇష్టపడి కొనేవారు, ఎందుకంటే అప్పట్లో వాళ్లకూ అది అదృష్ట చిహ్నమే. అమెరికా సైన్యంలో 45వ డివిజన్ వాళ్ల భుజాన ఎర్రటి పలక మీద పసుపుపచ్చ స్వస్తిక్ ఉండేది.

ఈలోగా జర్మనీలో వేరే కథ నడిచింది. 1870లలో ప్రాచీన ట్రాయ్ నగరపు తవ్వకాల్లో జర్మన్ పురావస్తు పరిశోధకుడు హైన్రిక్ ష్లీమన్‌కు ఈ గుర్తున్న వస్తువులు కుప్పలుగా దొరికాయి. జాతి గొప్పల పిచ్చి పట్టినవాళ్లు దాన్ని ‘ఆర్యుల’ ముద్రగా చేసుకున్నారు. 1920లో నాజీ పార్టీ జెండా మీదికి, 1935లో దేశపు జెండా మీదికి ఎక్కింది.

1940 ఫిబ్రవరిలో అరిజోనాలోని టూసన్‌లో నవాహో, హోపీ, అపాచీ, పాపాగో తెగల ప్రతినిధులు ఒక పత్రం మీద సంతకాలు పెట్టారు. మా కంబళ్ల మీద, బుట్టల మీద, ఇసుక చిత్రాల్లో, బట్టల మీద ఇకపై ఈ గుర్తు వాడబోమన్నది దాని సారాంశం. గుర్తున్న వస్తువులు కొన్నిటికి నిప్పు పెట్టారు. అప్పటికి అమెరికా ఇంకా యుద్ధంలోకే దిగలేదు. ఎక్కడో ఎవరో చేసిన పాపానికి తమ తాతల నాటి బొమ్మను వదులుకోవాల్సి రావడం అన్యాయమనే నేను అంటాను. కానీ నాజీల చేతిలో బాధపడుతున్నవాళ్ల ముఖం చూసి తీసుకున్న నిర్ణయాన్ని చిన్నచూపు చూడలేను.

పట్టు విడవనివాళ్లూ ఉన్నారు. కెనడాలో ఒంటారియోలోని ఒక ఊరి పేరే స్వస్తిక. యుద్ధకాలంలో ప్రభుత్వం దాన్ని విన్‌స్టన్‌గా మార్చబోతే ఊరివాళ్లు ఒప్పుకోలేదు, నేటికీ ఆ పేరే ఉంది. ఫిన్లాండ్ వైమానిక దళం 1918 నుంచి నీలి స్వస్తిక్ వాడింది. 1945లో విమానాల మీద నుంచి తీసేసినా, దళం చిహ్నంలో 2017 దాకా ఉంచుకుంది.

మనవాళ్లు సాధారణంగా రెండు వాదాలు చెబుతారు. మాది వేల ఏళ్ల నాటిది అన్నది ఒకటి. అది నిజమే. అమరావతి స్తూపం బుద్ధపాదాల పలక మీద కూడా చక్రంతో పాటు స్వస్తిక్‌లు చెక్కి ఉన్నాయి. అయితే నాజీ మరణ శిబిరాల్లో అయినవాళ్లను పోగొట్టుకున్న ఇంటివాళ్లకు అమరావతి ఏం ఓదార్పు ఇస్తుంది? రెండోది, మనది నిటారుగా ఉంటుంది, వాళ్లది ఏటవాలుగా ఉంటుంది అనడం. ఇది నిలవదు. హిట్లర్ సొంత పతాకం మీదున్న స్వస్తిక్ నిటారుగానే ఉండేది. గీతల వంపు చూపించి మంచిచెడ్డలు తేల్చలేం.

నాకు నమ్మకం కలిగించింది మూడో దారి. 2007లో జర్మనీ యూరప్ అంతటా ఈ గుర్తును నిషేధించాలని చూసినప్పుడు హిందూ సంఘాలు అభ్యంతరం చెప్పాయి, ఆ ప్రయత్నం ఆగింది. అంతటితో ఊరుకుంటే అది కేవలం గెలుపయ్యేది. మరుసటి ఏడాది జెరూసలేంలో హిందూ, యూదు మతపెద్దలు కలిసి కూర్చున్నారు. నాజీల కంటే ఎంతో ముందు నుంచీ హిందువులకు ఇది శుభచిహ్నమని ఉమ్మడి ప్రకటనలో రాసుకున్నారు. 2022లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం నాజీ గుర్తు ప్రదర్శనను నేరం చేస్తూనే హిందువుల, బౌద్ధుల, జైనుల వాడకాన్ని మినహాయించింది.

నవాహోలకు లేని వెసులుబాటు మనకుంది. మనం కోట్లమందిమి, రోజూ వాడుకునే గుర్తు ఇది. తలుపు మీద వేసుకోవాలి, దాచాల్సిన పనిలేదు. కాకపోతే వేసే ముందు రోజు పక్కింటి తలుపు తట్టి, రేపు మా గుమ్మం మీద ఏం కనబడుతుందో, ఎందుకు వేస్తామో చెప్పి, గృహప్రవేశం భోజనానికి వాళ్లనూ పిలవాలి. ఆ ఇంట్లో యూదు పెద్దావిడ ఉంటే, ముందు ఆవిడ చెప్పేది వినాలి.