పటంలో పచ్చరంగు

గ్రేట్ నికోబార్ దీవి పటం ఎప్పుడైనా చూశారా? సముద్రంలో తమలపాకు తేలుతున్నట్టుంటుంది. ఎటు చూసినా పచ్చరంగే!

అలాంటి అడవిని కొలవడమంటే మాటలు కాదు. థియొడొలైటుతో కొలవాలంటే ఒక మెట్ట మీదినుంచి మరొకటి కనబడాలి. చెట్లు కనబడనిస్తేనా? విమానంలోంచి ఫొటో తీస్తే చెట్ల తలలు పడతాయి గాని నేల పడదు. ఈనాడు లేజరు కిరణాలను ఆకుల సందుల్లోంచి దింపి నేల ఎత్తుపల్లాలు రాబడుతున్నారు.

అంత శ్రమపడి గీసినా నేల మాట మీద నిలబడదు! 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో దక్షిణపు కొస, ఇందిరా పాయింటు, నాలుగు మీటర్లకు పైగా కుంగింది. దీపస్తంభం మొదలు నీళ్లపాలైంది.

తెలుగు మేష్టరును గనుక నా చూపు పేర్ల మీదికే పోతుంది. అక్కడి పెద్ద ఏటి పేరు గలాథియా. 1845-47లో భూప్రదక్షిణ చేసిన డేనిష్ ఓడ పేరది. ఆ అడవిలోనే తరతరాలుగా బతుకుతున్న షోంపెన్‌లు ఆ ఏటిని ఏమని పిలుస్తారో నేను చూసిన పటంలో లేదు. వాళ్లున్న చోటూ పచ్చరంగే. ఆ ఏరు కలిసే గలాథియా అఖాతంలో ఓడరేవు కట్టడానికి 2022లో పర్యావరణ అనుమతి ఇచ్చారు.