పెద్దలకు మానవశాస్త్ర మేల?

“ఈ వయస్సున మాకు క్రొత్త శాస్త్రము లెందుకు?” అని తల్లిదండ్రులలో కొంద రనుట కలదు. ఇతర శాస్త్రముల మాట యెట్లున్నను, మానవశాస్త్రమును మాత్రము పెద్దలు తప్పక నేర్వవలెనని నా యభిప్రాయము. మనుష్యులు బంధుత్వముల నెట్లు పాటింతురో, భూమి నెట్లు పంచుకొందురో, చనిపోయినవారి నెట్లు తలచుకొందురో పరిశీలించుటయే యీ శాస్త్రము.

దీని నెరుగకున్న కీడేమి? ఆదిలాబాదు గోండులను జూడుడు. అడవి చట్టముల వలనను, వడ్డీవ్యాపారుల వలనను వారి భూములు పోయెను. వారి మొర వినువారు లేకపోయిరి. 1940వ సంవత్సరమున జోడేఘాట్ వద్ద కొమరం భీము పోలీసు తుపాకులకు బలియయ్యెను. అటుపిమ్మటనే నిజాము ప్రభుత్వము, వియన్నాలో పుట్టిన హైమెండార్ఫు పండితుని గోండుల స్థితి విచారింప నియోగించెను. ఆయన వారి పల్లెలలో వసించి, వారి భాషను, కథలను, వంశక్రమములను తెలిసికొనెను. 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణశాల యేర్పడెను. గోండీ భాషలో వాచకములును వెలువడెను. ఈ వినుట ముందే జరిగియున్నచో అంత నెత్తురు చిందకపోయెడిదేమో!

కావున ఈ శాస్త్రమున మొదటి పాఠ మిది: పొరుగువాని యాచారమును జూచి నవ్వుటకు ముందు, “ఇది వానికేల ముఖ్యము?” అని వానినే యడుగుట. పెండ్లిండ్లు జరిపి, పొలములు పంచి, ఆప్తులను సాగనంపిన పెద్దలకు ఈ ప్రశ్న కష్టము గాదు. పాఠశాలలో మేమెంత బోధించినను, ఇరుగుపొరుగును చిన్నచూపు చూచుటయో, గౌరవించుటయో పిల్లలు ఇంటియొద్దనే నేర్తురు గదా!