కూర్పులు - మార్పులు

తెలుగు పుస్తక ప్రపంచంలో 'కూర్పు' అనే మాటకు ఒక గౌరవం ఉంది. తొలి కూర్పులో దొర్లిన తప్పులను సవరించి, విడిచిన విషయాలను చేర్చి మలికూర్పును వెలువరించడం గ్రంథకర్తల ఆచారం. ఆ రెండింటి నడుమ ఒక్కొక్కప్పుడు ఇరవై ఏండ్లు గడిచేవి. ఈనాడు కంప్యూటర్ రంగంలో అదే మాట మరొక వేగంతో వినిపిస్తున్నది. నిరుడు నేర్చిన పరికరానికి ఈ ఏడు కొత్త కూర్పు వస్తుంది. అది చేతికి అలవడేలోగా మరొకటి సిద్ధమవుతుంది. వెబ్ పుటలను తీర్చిదిద్దే వృత్తిలో ఈ వేగం మరీ అధికం.

పుటలో కంటికి కనిపించే భాగాన్ని, అంటే బటన్లు, పట్టికలు, దరఖాస్తు గళ్లు మొదలైన వాటిని, 'ఫ్రంట్ ఎండ్' అంటారు. వాటిని నడిపించే భాష జావాస్క్రిప్ట్. తరచుగా అవసరమయ్యే పనులను ముందే రాసి ఒకచోట చేర్చిన సముదాయమే 'లైబ్రరీ'. 2006లో జాన్ రెసిగ్ రూపొందించిన జెక్వెరీ, 2013లో ఫేస్‌బుక్ సంస్థ అందరికీ ఉచితంగా విడుదల చేసిన రియాక్ట్ ఇటువంటివే. కూర్పు సంఖ్యలో సాధారణంగా మూడు అంకెలుంటాయి. చివరి అంకె పెరిగితే తప్పు దిద్దారని అర్థం. నడిమి అంకె పెరిగితే కొత్త సౌకర్యం చేరిందని అర్థం. మొదటి అంకె మారితే మాత్రం పాత రాత పనిచేయకపోవచ్చు. రియాక్ట్ 2016లో 0.14 నుండి ఒక్క అంగలో 15కు దూకింది. సున్నాతో మొదలైన సంఖ్యను నమ్మి అప్పటికే ఎందరో దానిని వాడుకలో పెట్టారు కనుక ఆ సున్నాకు అర్థం లేకపోయింది.

మార్పు అనివార్యమే. అయితే మార్చే తీరులన్నీ ఒకటి కావు. గూగుల్ సంస్థవారి యాంగ్యులర్‌జేఎస్ కథ ఇందుకు నిదర్శనం. 2016 సెప్టెంబరులో వచ్చిన దాని రెండవ కూర్పు పేరుకు కూర్పే గాని నిజానికి కొత్త గ్రంథం. పాత పద్ధతిలో రాసినవి అందులో నేరుగా నడవవు. రాసే భాష సైతం టైప్‌స్క్రిప్టుకు మారింది. ఏండ్ల తరబడి సంపాదించిన నైపుణ్యం చేతిలోనే పాతబడింది. పాతదానికి సంరక్షణ 2021 డిసెంబరు 31తో ముగిసింది.

రియాక్ట్ మరొక దారి తొక్కింది. 2019 ఫిబ్రవరిలో 16.8 కూర్పు 'హుక్స్' అనే కొత్త రచనా విధానాన్ని తెచ్చింది. అయినా 'క్లాసు'లతో రాసిన పాత పుటలను తిరగరాయనక్కరలేదు. అవి నేటికీ నడుస్తున్నాయి. 2020లో వచ్చిన 17వ కూర్పులో రాసేవారికి చెప్పుకోదగిన కొత్త సౌకర్యమే లేదు. ఒకే పుటలో పాత, కొత్త కూర్పులు కలిసి ఉండే వీలు కల్పించి, మున్ముందు మార్పును మెల్లగా జరుపుకోనివ్వడమే దాని పని. 2024 డిసెంబరు నాటి 19వ కూర్పు కొన్ని పాత పద్ధతులను తొలగించింది. అంతకుముందే ఏప్రిల్‌లో 18.3 వచ్చి, తొలగిపోబోయేవి ఏవో హెచ్చరించింది. ఇది మర్యాద తెలిసిన పద్ధతి. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడగా, దానిలో మిగిలిన లక్షణాలను బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో ప్రౌఢవ్యాకరణంగా కూర్చారు. రెండవది వచ్చినంత మాత్రాన మొదటిది చదివినవారి శ్రమ వృథా కాలేదు.

కొత్తది రాగానే పరుగెత్తడమూ, పాతదానినే పట్టుకొని వేలాడడమూ రెండూ అపాయకరమే. 2025 డిసెంబరు 3న రియాక్ట్ 19వ కూర్పులో, సర్వర్ మీద నడిచే భాగంలో ఒక ఘోరమైన లోపం ఉన్నట్లు ప్రకటించారు. దాని ద్వారా సంకేతపదం లేకుండానే పరాయివాడు సర్వర్‌పై తన ఆజ్ఞలు నడిపించగలడు. 18వ కూర్పుతోనే సరిపెట్టుకున్న సాధారణ పుటలకు ఈ ముప్పు లేదు. అది చూసి పాతదే మేలనుకొనరాదు. దిద్దుబాటుతో 19.0.1, 19.1.2, 19.2.1 కూర్పులు ఆనాడే విడుదలయ్యాయి. ముప్పు మిగిలింది వాటిని వెంటనే తీసుకోని వారికే. చివరి అంకె మార్పుకు ఆలస్యం తగదు. మొదటి అంకె మార్పుకు మాత్రం మార్పుల పట్టికను చదివి, నకలు మీద పరీక్షించి, నెమ్మదిగా కదలడమే వివేకం.

ఇక విద్యార్థుల మాట. హైదరాబాదు అమీర్‌పేటలో శిక్షణ సంస్థల బోర్డుల మీద కోర్సుల పేర్లు బారులు తీరి కనిపిస్తాయి. ఊరి నుండి వచ్చిన పిల్లవాడు తండ్రి అప్పు చేసి ఇచ్చిన రుసుము కట్టి, ఆనాటి కూర్పులో ఏ ఆజ్ఞ ఎక్కడ రాయాలో కంఠస్థం చేస్తాడు. ఉద్యోగం వెతుక్కునే నాటికి కూర్పు మారుతుంది. కంఠస్థం చేసినది చెల్లని నాణెమవుతుంది. తప్పు పిల్లవానిది కాదు. లైబ్రరీకి అడుగున ఉన్న జావాస్క్రిప్టును అతనికి ఎవరూ సరిగా చెప్పలేదు. 1995లో పుట్టిన ఆ భాషకు 2015 నుండి ఏటా కొత్త ప్రమాణం వస్తున్నా, పాత పుటలు చెడకుండా చూడడం దాని కట్టుబాటు. గణాలు, యతిప్రాసలు తెలిసినవాడు ఎన్నడూ వినని పద్యాన్నైనా విరిచి చదవగలడు. పద్యాలను మాత్రమే వల్లించినవాడు కొత్త పద్యం ఎదురైతే నిలిచిపోతాడు.

ఈ వేగానికి మూల్యం చెల్లించేవారు మరికొందరున్నారు. ఒక చిన్న ఆసుపత్రి యజమాని రోగుల నమోదు కోసం పుట చేయించుకుంటాడు. మూడేండ్లకు దానిని కొత్త కూర్పులోకి మార్చాలంటూ మళ్లీ సొమ్ము అడుగుతారు. సొమ్ము ఇస్తాడు. మార్చిన తరువాత చూస్తే అవే రంగులు, అవే గళ్లు. "ఏం మారింది?" అని అడిగితే రాసినవాని వద్ద అతనికి అర్థమయ్యే జవాబు ఉండదు. ఆ జవాబును పని ఒప్పుకున్న నాడే, కాగితం మీద, ఎన్నేండ్లకు ఎవరి ఖర్చుతో మార్చాలో సహా రాసి ఇవ్వాలి. ఇల్లు కట్టే మేస్త్రీ సున్నం ఎప్పుడు వేయించాలో ముందుగానే చెప్పి వెళ్తాడు గదా!