ఉద్దానంలో కిడ్నీ జబ్బులన్నీ ఒకటి కాదు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీల పనితీరును సూచించే క్రియాటినిన్ రక్తంలో పెరిగిందంటే చాలు, కారణం అంతుచిక్కని ‘ఉద్దానం జబ్బే’ అనుకోవడం అలవాటైపోయింది. అక్కడే ఆగకూడదు.

ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలకు వచ్చే క్యాన్సర్ మల్టిపుల్ మైలోమా కూడా కిడ్నీలను దెబ్బతీస్తుంది. మామూలు మూత్రపరీక్ష స్ట్రిప్ పట్టేది ప్రధానంగా అల్బుమిన్‌నే; మైలోమా వదిలే లైట్ చెయిన్ ప్రోటీన్లు దానికి చిక్కకపోవచ్చు. అందుకే నడివయసు దాటినవారిలో తగ్గని నడుంనొప్పి, రక్తహీనత, అధిక కాల్షియం తోడైతే సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, ఫ్రీ లైట్ చెయిన్ పరీక్షలు రాయాలి. అనుమానం బలపడితే మజ్జ పరీక్ష, స్కాన్ చేస్తారు. మజ్జలో క్లోనల్ ప్లాస్మా కణాలు 10 శాతం లేదా అంతకుమించి ఉండి, వాటివల్ల అవయవాలు దెబ్బతిన్నాయని తేలితే మైలోమాయే.

త్వరగా మందులు మొదలుపెడితే కొందరికి కిడ్నీలు కోలుకుంటాయి, డయాలసిస్ తప్పుతుంది.

పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అక్కడా, శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ మైలోమాను పట్టే ఈ రక్తపరీక్షలు ఉచితంగా, వేగంగా అందేలా ప్రభుత్వం చూడాలి.