బహస్ డాక్టర్ సాబ్‌తో చేయండి, గోలీతో కాదు



పోయిన జుమా నాడు మా ఫుప్పూ కూతురు ఫోన్ చేసింది. "ఆపా, నా థైరాయిడ్ గోలీ యాభై. ఎంత చెప్పినా డాక్టర్ పెంచడం లేదు. నువ్వు ఎంత వేసుకుంటావో చెప్పు, నేనూ అంతే వేసుకుంటా" అంది. చీరల కొలత అడిగినంత తేలిగ్గా అడిగింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండో కాన్పు అయిన ఏడాది నేనూ అచ్చం ఇదే మాట మా ఖాలాను అడిగాను. ఆమె చెప్పింది, నేను విన్నాను, ఆ తర్వాత ఏడాది పాటు మనిషిని కాలేదు.

ఆ ఖిస్సా ఇది. బిడ్డ పుట్టాక జుట్టు దువ్వెన నిండా వచ్చేది, మే నెల కడపలో కూడా దుప్పటి కప్పుకునేదాన్ని, ఫజర్‌కు లేవాలంటే ఏడుపొచ్చేది. అందరూ కమ్‌జోరీ అన్నారు, మా సాస్ సుస్తీ అంది. చివరికి పరీక్ష చేస్తే టీఎస్‌హెచ్ 41. డాక్టర్ సాబ్ 50 మైక్రోగ్రాముల గోలీ రాశారు. రెండు నెలలకు 7.9కి దిగింది. "తగ్గుతోంది కదా, అదే వాడండి" అన్నారు తల ఎత్తకుండా. "ఇంకా లేవలేకపోతున్నాను సార్" అని నేను నోరు తెరిచేలోగా మా ఆయన "సరే సార్, షుక్రియా" అని కుర్చీ వెనక్కి జరిపేశారు.

ఇంటికొచ్చి ఖాలాకు ఫోన్ చేశాను. ఆమెది వంద. నేనూ రెండు గోలీలు వేసుకున్నాను. కాస్త బాగుందనిపించింది. బాగుంది కదా అని మూడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కొన్ని వారాలకు చేతులు వణకడం, గుండె దడ, రోటీ చేస్తుంటే చెమటలు. నజర్ తగిలిందని అమ్మీ దమ్ చేసిన నీళ్ళు తాగించింది. నజర్ కాదు అమ్మీ, నీ కూతురి అక్ల్ మీద పర్దా పడింది!

అసలు జహాలత్ ఆ తర్వాత చేశాను. మళ్ళీ పరీక్షకు వెళ్ళే ముందు పట్టుబడతానని భయపడి నాలుగు రోజులు బుద్ధిగా ఒక్కటే వేసుకున్నాను. ఈ దవా ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, టీఎస్‌హెచ్ సర్దుకోవడానికి ఆరు వారాలు పడుతుంది. నాలుగు రోజుల నాటకం దాని ముందు ఏం పని చేస్తుంది? 0.03 వచ్చింది. డాక్టర్ సాబ్ కాగితం చూసి, నేను 50 మీదే ఉన్నానని నమ్మి, "మీకు 50 ఎక్కువైంది" అని 25 చేశారు. ఆయన లెక్క తప్పు కాదు. లెక్కలో నేను వేసిన అంకె ఝూట్. రెండు నెలల్లో మళ్ళీ మంచం పట్టాను, టీఎస్‌హెచ్ 30 దాటింది.

ఇక్కడ మనవాళ్ళు రెండు జమాతులుగా విడిపోతారు. ఒకటి, "డాక్టర్ సాబ్‌కు ఎదురు చెప్పడం బద్‌తమీజీ" అనేవాళ్ళు. రెండు, "ఈ డాక్టర్లంతా చోర్‌లు, గోలీ మానేసి నా నుస్ఖా వాడు" అనేవాళ్ళు. నాకు ఈ ఇద్దరి మీదా గుస్సానే. మొదటివాళ్ళు మన నోరు కట్టేస్తారు. నోరు కట్టుకున్న మనిషి నేరుగా రెండోవాళ్ళ వాకిట్లోకి వెళ్తుంది. నేను ఆ దారిలోనే వెళ్ళాను కాబట్టి చెబుతున్నాను. కలోంజీ మీద నాకు ఎంతో అఖీదత్ ఉంది, రోజూ తింటాను. కానీ పని మానేసిన గ్రంథి చేయాల్సిన హార్మోన్ అందులో లేదు, గోలీలో ఉంది. అమెరికాలో ఉన్న మా కజిన్ అయితే "నేచురల్ థైరాయిడ్ తెప్పించుకో, కెమికల్ ఎందుకు" అని మెసేజ్ పెట్టాడు. ఆ నేచురల్ అనేది ఖింజీర్ గ్రంథిని ఎండబెట్టి చేసిన పొడి అని చెప్పాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. (1891లో ఇంగ్లండులో ముర్రే అనే డాక్టర్ మొదటిసారి ఈ వైద్యం చేసింది గొర్రె గ్రంథి రసంతో. అది మన గల్లీ ఖసాయికి తెలిస్తే ఇంకో దుకాణం తెరిచేవాడు.)

తర్వాత నేను వేరే ఊళ్ళో ఒక లేడీ డాక్టర్ దగ్గరకు వెళ్ళాను. అంతా ఒప్పుకున్నాను, మూడు గోలీల సంగతి కూడా. ఆమె తిట్టలేదు. "దేంతో వేసుకుంటావమ్మా?" అని అడిగారు. ఇన్నాళ్ళలో నన్ను ఎవరూ అడగని సవాల్ అది. పొద్దున పాల చాయ్‌తో, కాన్పు తర్వాత రాసిన కాల్షియం బిళ్ళతో కలిపి వేసుకునేదాన్ని. కాల్షియం, ఐరన్ ఈ గోలీని ఒంటికి పట్టనివ్వవు, నాలుగు గంటలు ఎడం ఉండాలి. చాయ్‌కి, నాష్తాకు అరగంట నుంచి గంట ముందు ఉత్త నీళ్ళతో వేసుకోవాలి. అంటే మొదట్లో 50 సరిపోకపోవడానికి సగం కారణం నా చాయ్ కప్పులో ఉంది. గోలీల బాటిల్ పొయ్యి పక్క అలమారాలో ఉండేదని చెబితే అది కూడా తీయించారు. ఈ దవా వేడికి, తేమకు పాడవుతుందట. మొదటి డాక్టర్ ఈ ఒక్క మాట అడిగి ఉంటే, మా ఆయన రెండు నిమిషాలు ఖామోష్‌గా కూర్చుని ఉంటే!

ఆమెతో కూడా నాకు ఇఖ్తిలాఫ్ వచ్చింది. 88 మీద టీఎస్‌హెచ్ 3.6కి వచ్చింది, నాకేమో ఇంకా నీరసమే. పెంచమన్నాను, ససేమిరా అన్నారు. ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి అన్నారు. "అయితే నా తక్లీఫ్ ఝూటా?" అని గట్టిగానే అడిగాను. ఆమె రక్తం చూపించారు. హిమోగ్లోబిన్ 8.8! నేను ప్రతి నీరసాన్నీ థైరాయిడ్ ఖాతాలో రాసుకుంటున్నాను. ఐరన్ మొదలుపెట్టాను, జొహర్ తర్వాత, గోలీకి దూరంగా. ఆ బహస్‌లో ఓడిపోయాను, కానీ అడగకపోతే ఆ పరీక్ష జరిగేదా?

రమ్‌జాన్ విషయంలో మాత్రం నేను నెగ్గాను. సెహ్రీకి లేవగానే వేసుకోమన్నారు. మా ఇంట్లో లేవడమే అజాన్‌కు ఇరవై నిమిషాల ముందు, ఖాళీ కడుపుతో ఆగే టైమ్ ఎక్కడిది? ఇఫ్తార్ నీళ్ళతో వేసుకుని మగ్రిబ్ నమాజు చేసి అరగంట ఆగాక తినొచ్చు, కానీ ఎదురుగా ఖజూర్, హలీమ్ పెట్టుకుని అంత సబ్ర్ నాకు లేదు. "తరావీహ్ అయి, తిన్న మూడు గంటలకు, పడుకునే ముందు వేసుకుంటే?" అని అడిగాను. ఆలోచించి సరేనన్నారు, రమ్‌జాన్ తర్వాత టీఎస్‌హెచ్ చూద్దామన్నారు. 2.9 వచ్చింది, అల్హందులిల్లాహ్.

ఇప్పుడు నాకు అన్నిటికంటే గుస్సా తెప్పించే సంగతి. రిష్తా చూసేటప్పుడు అమ్మాయికి థైరాయిడ్ ఉందని దాచేస్తున్నాం. నిఖా అయ్యాక గోలీ బాటిల్ ససురాల్‌లో కనపడకూడదని ఆ పిల్ల మానేస్తుంది. సాస్ అడిగితే విటమిన్ అంటుంది, డాక్టర్ అడిగితే వేసుకుంటున్నానంటుంది. కడుపు వచ్చిందని తెలిసిన రోజే డాక్టర్‌కు ఫోన్ చేయాల్సిన బీమారీ ఇది. గర్భంలో ఈ దవా అవసరం సాధారణంగా పావు వంతుకు పైగా పెరుగుతుంది. మొదటి నెలల్లో బిడ్డ మెదడుకు కావలసిన హార్మోన్ తల్లి నుంచే రావాలి, బిడ్డ గ్రంథి అప్పటికింకా తయారు కాలేదు. అలాంటి టైమ్‌లో ఇజ్జత్ పేరుతో గోలీ దాచమని చెప్పే తల్లులారా, మీరు దేన్ని కాపాడుతున్నారు? ఏ సాస్‌కు, ఏ నందకు భయపడి?

ఫుప్పూ కూతురికి నా డోసు చెప్పలేదు. నా బరువు వేరే, నా గ్రంథిలో మిగిలింది వేరే. "గోలీ దేంతో వేసుకుంటావ్?" అని అడిగాను.

"చాయ్‌తో ఆపా. చాయ్ లేకుండా గోలీ ఎలా దిగుతుంది?"

ఒక నోట్‌బుక్ కొనమన్నాను. తారీఖు, డోసు, ఎన్ని గంటలకు, దేంతో, మరచిన రోజులు, రిపోర్టు అంకెలు, అన్నీ సచ్చాగా రాయమన్నాను. మంగళవారం ఆమె అపాయింట్‌మెంట్, నేనూ వెళ్తున్నాను. వాళ్ళ మియాఁ బయట కూర్చుంటానని ఒప్పుకున్నాడు, కాస్త ముఖం మాడ్చుకుని.