తొరపాడి చెరసాలలో ఒక పత్రికా రచయిత

గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి పేరు వచ్చినప్పుడెల్ల గ్రంథాలయములను గూర్చియు, వయోజనవిద్యను గూర్చియు నాలుగు మాటలు చెప్పి కూర్చుండుట మన సభలకు పరిపాటియైనది. ముప్పదియేండ్లు కచేరీలో దస్త్రములు కట్టినవాడను. వేరొక కట్టలో చేరిన కాగితము పోయిన కాగితమే యని యెరుగుదును. ఆయనలోని రాజకీయ రచయితకు నట్లే జరిగినది.

ఇరువదియైదవ యేట ఆయన బెజవాడలో 'స్వరాజ్య' వారపత్రిక నడిపిరి. 1908లో తిరునెల్వేలి కాల్పులను ఖండించుచు 'విపరీత బుద్ధి' యను వ్యాసము ప్రకటించిరి. రాజద్రోహమని మూడేండ్ల శిక్ష పడినది. ఎం.ఏ. చదివిన యా యువకుని మన వేలూరు జైలులో హంతకుల నడుమ నుంచిరి. కాళ్లకు గొలుసులు, మెడకు కొయ్య, పరుండుటకు ఈతచాప! విడుదలయైన పిదప కలము పారవైచిరా? లేదు; కొన్నేండ్లకు 'ఆంధ్రపత్రిక' సంపాదకత్వమునే వహించిరి.

1921లో రాజాజీగారు ఇచ్చట ఖైదీగానుండి దినచర్య వ్రాసిన సంగతి మనలో పలువురెరుగుదురు. అంతకు దశాబ్దమునకు పైగా ముందే వచ్చిన తెలుగువాని నెందరెరుగుదురు?

"అది ఆవేశపు వ్రాత, ఇప్పుడేల?" యని కొందరు మిత్రులందురు. ఉదయమొక పక్షమునకు, సాయంత్రమొక పక్షమునకు వ్రాయువారికి శాలువలు కప్పునప్పుడు ఈ ప్రశ్న వారికేల తోచదో! ఆయన జయంతియగు సెప్టెంబరు 14న పటమునకు పూలదండ వేసి లేచిపోక, ఆ వ్యాసమును సంపాదించి, మన పిల్లలచేత సభలో బిగ్గరగా చదివింపుడు.